పాత కంప్యూటర్, కొత్త టీవీ: బొమ్మను మింగేసే 5 మైక్రోసెకన్లు

1981 మార్చిలో బ్రిటన్‌లో సింక్లెయిర్ కంపెనీ జెడ్‌ఎక్స్81 అనే చిన్న కంప్యూటర్‌ను విడుదల చేసింది. తయారైన యంత్రం ధర 69.95 పౌండ్లు. విడిభాగాల కిట్ కొని ఇంట్లోనే సోల్డరింగ్ చేసుకుంటే 49.95 పౌండ్లు. మెమరీ 1 కిలోబైటు. మానిటర్ లేదు, ఇంట్లోని టీవీయే దాని తెర. ఇలాంటి యంత్రాలు కొన్ని నేటికీ పనిచేస్తున్నాయి. కానీ ఎల్‌సీడీ టీవీకి కలిపితే తెర చీకటిగా మారి, అక్షరాలు దాదాపు కనిపించకుండా పోవచ్చు. చూసినవారికి చిప్ కాలిపోయిందనిపిస్తుంది. అసలు కారణం వేరు.

ఒక లైనులో ఏముంటుంది?

బ్రిటన్‌లోనూ, మన దూరదర్శన్‌లోనూ వాడింది 625 లైన్ల పద్ధతే. ఒక్కో లైనుకు 64 మైక్రోసెకన్లు. వీడియో సంకేతం మొత్తం ఎత్తు సుమారు 1 వోల్టు. అందులో కింది 0.3 వోల్టు సింక్ పల్స్‌ది. లైను ఎక్కడ మొదలవుతుందో టీవీకి చెప్పేది అదే. దానిపైన నలుపు స్థాయి, అన్నిటికన్నా పైన తెలుపు స్థాయి ఉంటాయి.

సింక్ పల్స్ సుమారు 4.7 మైక్రోసెకన్లు ఉంటుంది. అది ముగిశాక బొమ్మ వెంటనే మొదలుకాదు. దాదాపు 5.7 మైక్రోసెకన్ల పాటు సంకేతం నలుపు స్థాయిలోనే నిలుస్తుంది. దీన్నే బ్యాక్ పోర్చ్, అంటే వెనుక వసారా, అంటారు. టీవీ ఆ కాస్త సమయంలో వోల్టేజీని కొలిచి, 'ఇదే నలుపు' అని నిర్ణయించుకుంటుంది.

తొలినాళ్ల జెడ్‌ఎక్స్81లలోని యూఎల్‌ఏ చిప్ ఈ వసారాను ఇవ్వదు. దాని తెర తెల్లటిది, అక్షరాలు నల్లనివి. అందువల్ల సింక్ ముగియగానే సంకేతం నేరుగా తెలుపుకు ఎగబాకుతుంది. టీవీ ఆ తెలుపునే నలుపుగా లెక్కిస్తుంది. ఇక దానికన్నా నల్లగా చూపడానికి ఏమీ మిగలదు. పాత టీవీలు చాలావరకు దీన్ని సర్దుకుపోయేవి. ప్రతి లైనులోనూ నలుపును కొలిచే కొత్త టీవీలు సర్దుకోలేవు.

మరమ్మతు ఎలా?

సింక్ ముగిసిన క్షణం నుంచి కొన్ని మైక్రోసెకన్ల పాటు సంకేతాన్ని నలుపు స్థాయికి లాగి పట్టుకుంటే చాలు. 1,000 ఓమ్‌ల రెసిస్టర్, 4.7 నానోఫారడ్ల కెపాసిటర్ విలువలను గుణిస్తే 4.7 మైక్రోసెకన్లు వస్తుంది. ఈ జంటతో చిన్న పల్స్ తయారుచేసి, దానితో ఒక ట్రాన్సిస్టర్‌ను నడిపితే లేని వసారా ఏర్పడుతుంది.

రెండో సమస్య స్పష్టత. ఈ కంప్యూటర్ తన సంకేతాన్ని మాడ్యులేటర్ ద్వారా టీవీ ఛానెల్‌గా మార్చి పంపుతుంది. చుక్కలు సెకనుకు 65 లక్షల వేగంతో వెలువడతాయి, అంటే ఒక్కో చుక్కకు దక్కేది 154 నానోసెకన్లే. టీవీ ఛానెల్‌లో వీడియోకు దొరికే వెడల్పు 5 మెగాహెర్ట్జ్ పైచిలుకు. నిటారైన అంచులకు అది చాలదు కాబట్టి అక్షరాలు మసకబారతాయి. మాడ్యులేటర్‌ను దాటవేసి, సంకేతాన్ని టీవీ వీడియో సాకెట్‌కు నేరుగా ఇస్తే అంచులు తేరుకుంటాయి.

అయితే టీవీ సాకెట్ 75 ఓమ్‌ల భారం మోపుతుంది. చిప్ నుంచి నేరుగా తీగ లాగితే అంత కరెంటు ఇవ్వలేక సంకేతం కుంగిపోతుంది. మధ్యలో ఎమిటర్ ఫాలోయర్‌గా ఒక ట్రాన్సిస్టర్‌ను, దాని తర్వాత 75 ఓమ్‌ల రెసిస్టర్‌ను పెట్టాలి. ఈ ట్రాన్సిస్టర్ వోల్టేజీని పెంచదు, కరెంటును మాత్రం అందిస్తుంది. రెసిస్టర్, టీవీ కలిసి వోల్టేజీని చెరిసగం పంచుకుంటాయి. కాబట్టి టీవీకి 1 వోల్టు చేరాలంటే ట్రాన్సిస్టర్ దగ్గర 2 వోల్టులు ఉండాలి.

కొద్దిపాటి విడిభాగాలతో అయ్యే పని ఇది. పాత భాగాలను పారేయకుండా, మళ్లీ యథాస్థితికి తెచ్చేలా మార్పులు చేయడం మేలు. పాత పిక్చర్ ట్యూబ్ టీవీని మాత్రం విప్పకూడదు. ప్లగ్ తీసేశాక కూడా లోపల ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉండొచ్చు. ఆ టీవీలు కనుమరుగవుతున్న కొద్దీ, బాగానే ఉన్న కంప్యూటర్లు చెత్తలోకి వెళ్తాయా, బల్లమీద ఉంటాయా అన్నది ఈ 5 మైక్రోసెకన్ల మీదే ఆధారపడుతుంది.