లింగంపల్లి స్టేషన్లో ఇంగ్లీషు పాఠం

2022-23 విద్యాసంవత్సరంలో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. అయినా ఏడో తరగతి కుర్రాడు వ్యాసం బట్టీపట్టి అప్పజెప్పేస్తాడు గాని, "స్టేషనుకు దారెటు?" అని ఇంగ్లీషులో అడిగితే నోరు పెగలదు.

దీనికి మందు కొత్తదేం కాదు. 1979-84 మధ్య బెంగుళూరు, మద్రాసు తదితర చోట్ల బడుల్లో ఎన్.ఎస్. ప్రభు గారు ఒక ప్రయోగం చేశారు. వ్యాకరణ సూత్రాలు పక్కనబెట్టి, రైళ్ల టైంటేబుళ్లూ పటాలూ ఇచ్చి లెక్క తేల్చమన్నారు. మనసు అర్థం మీద నిలిస్తే వ్యాకరణం తనంతట తనే పట్టుబడుతుందని ఆయన వాదం.

ఆ సరంజామా మన లింగంపల్లిలో సిద్ధంగా ఉంది. 2003 నుంచి ఇక్కడ ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు నడుస్తున్నాయి. పిల్లల్ని నలుగురేసి జట్లు చేయండి. ఒక జట్టు చేతిలో టైంటేబులు, రెండో జట్టు చేతిలో చిక్కు: "పది గంటలకల్లా హైటెక్ సిటీలో ఉండాలి, ఏ బండి ఎక్కాలి?" ఇక అడగక తప్పదు, చెప్పక తప్పదు. మరుసటి వారం చందానగర్ నుంచి స్టేషనుకు దారి పటం గీయించి, దారి ఇంగ్లీషులో చెప్పించండి. ఆపై వారం స్టేషను బోర్డుల మీది మాటలు ఏరి సొంత నిఘంటువు. మాట్లాడుతుంటే మధ్యలో తప్పులు దిద్దకండి, చివర్లో దిద్దుకోవచ్చు. నడుమ తెలుగు దొర్లినా ఫర్వాలేదు.

మిత్రులారా, ఖర్చల్లా అట్టముక్కలూ స్కెచ్ పెన్నులే. మనలో పదిమంది వారానికో గంట కేటాయిస్తే చాలు. మూడు స్టేషన్ల దూరంలో ఉన్న ఆ ఉద్యోగాల గేటు ముందు మన బడి పిల్లలు తలొంచుకుని నిలబడరు.