నగరములలో పెద్దచెట్లు

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెను. వేలకొలది జనులు మరణించిరి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నాటికే మహావృక్షమై యుండుటచే అంత బరువును మోయగలిగెను. దానిని అంతకుముందే కొట్టివేసి, బదులుగా నూరు మొక్కలు నాటియుండినచో, ఆ మొక్కలు ఒక్క పసిబిడ్డనైనను నిలుపజాలకపోయెడివి.

నరికిన పెద్దచెట్టునకు నాటిన మొక్క వెంటనే బదులు కాజాలదు. నగరములలో చెట్లను గూర్చి నియమము లేర్పడుటకు ఇది యొక ముఖ్యకారణము. మహారాష్ట్రమున 1975లోను, కర్ణాటకమున 1976లోను, ఢిల్లీలో 1994లోను ఇట్టి చట్టములు వచ్చెను. ఆంధ్రప్రదేశమున 2002లో చేయబడిన నీరు, భూమి, చెట్ల చట్టమును జనులు వాల్టా యందురు. తెలంగాణ వేరుపడిన పిమ్మట అచ్చటను అదియే అమలులో నున్నది. కొన్ని జాతులకు మినహాయింపు లున్నను, తన పెరటిలోని చెట్టునైనను యజమాని ఇచ్చవచ్చినట్లు నరుకరాదు. ముందుగా అధికారి యనుమతి పొందవలెను.

దరఖాస్తు అందిన పిమ్మట అధికారి వచ్చి చెట్టును చూచును. మనిషి రొమ్మెత్తున, అనగా నేలనుండి సుమారు 137 సెంటీమీటర్ల యెత్తున, మాను చుట్టుకొలత తీయుట వాడుక. చెట్టు ఎండినదా, తెగులు పట్టినదా, ఇంటిమీద ఒరిగినదా, రాకపోకల కడ్డమా యని విచారింపవలెను. ఢిల్లీలో 60 దినములలోపల నిర్ణయము తెలుపవలెను. మహారాష్ట్రమున ప్రకటన చేసి, ఇరుగుపొరుగుల ఆక్షేపణలను గూడ వినవలెను. చెట్టునకు నోరు లేదు గదా! అయితే చెట్టు తక్షణమే కూలునట్లున్నచో ఈ తతంగ మంతయు నక్కరలేదు. ఢిల్లీలో దానిని వెంటనే తొలగించి, 24 గంటలలో అధికారికి తెలిపిన చాలును.

ఏ చెట్టు అపాయకరమో నిశ్చయించుట సులభము కాదు. తొఱ్ఱ పడిన ప్రతిచెట్టును కూలిపోదు. నీటిని పైకి గొనిపోవు కొయ్య బెరడునకు చేరువగనే యుండును. నడిమి చేవ పుచ్చినను, చుట్టునున్న గోడ దళముగా నున్నచో చెట్టు చిరకాలము నిలుచును. మొదట కుక్కగొడుగులు మొలచుట, ఒరిగిన దిక్కున కెదుటివైపున నేల పగులుట, ఇవి అపాయసూచనలు. ఇంతకును పెక్కుచెట్లను అపాయకరములుగా చేయువాడు మనుష్యుడే. గొట్టములకొరకో, తీగలకొరకో కందకము త్రవ్వునప్పుడు వేళ్లు తెగును. మాను చుట్టు సిమెంటు పోసినచో నీరును గాలియు లోనికి దిగవు. కొన్నియేండ్లకు ఆ చెట్టు పడినప్పుడు నింద గాలివానకు వచ్చును! ఢిల్లీలో మాను చుట్టు ఒక మీటరు మేర సిమెంటు లేకుండ విడువవలెనని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునలు ఆజ్ఞాపించెను.

ఇక బదులు మొక్కల లెక్క. 2021లో మహారాష్ట్రము తన చట్టమును సవరించి, 50 ఏండ్లు నిండిన చెట్టును వారసత్వవృక్షముగా పేర్కొనెను. కొట్టిన చెట్టు వయస్సెంతయో అన్ని మొక్కలు నాటవలెననెను. మంచి లెక్కయే. కాని అన్ని మొక్కలకు నగరము నడుమ చోటు దొరకుట అరుదు. ఊరివెలుపల నాటిన మొక్కవలన, నీడ పోయిన వీథికి నీడ రాదు. చెట్టును వేళ్లతో పెకలించి వేరొకచోట నాటు పద్ధతియు కలదు. కొమ్మ పాతినను చిగిర్చు మఱ్ఱి ఇందుకు ఓర్చును. తల్లివేరు లోతుగా దిగిన చింత అంతగా ఓర్వదు.

ఈ చిక్కులన్నియు హైదరాబాదు పొలిమేర దాటి చేవెళ్ల మీదుగా బీజాపూరు వైపు పోవు రహదారిపై ఒక్కచోట కానవచ్చినవి. ఆ బాట కిరువైపుల వందలకొలది మఱ్ఱిచెట్లు పెరిగినవి. దానిని నాలుగు వరుసల రహదారిగా విస్తరింప తలపెట్టగా, వృక్షప్రియులు హరిత ట్రిబ్యునలు నాశ్రయించిరి. బాట ఇరుకగుటచే అచ్చట ప్రమాదములు తఱచుగా జరుగుచు వచ్చెను. 2025 నవంబరులో చేవెళ్ల సమీపమున బస్సును కంకరలారీ ఢీకొని పలువురు మరణించిరి. ఆ కుటుంబముల దుఃఖము నెదుట చెట్ల మాట యెత్తుట కష్టమే. అయినను బాట వెడల్పగుటకు చెట్లన్నియు పోనక్కరలేదు. మఱ్ఱుల వరుసను నడుమ నుంచి, ఆవలిప్రక్కన రెండవ బాట వేయు వీలు ఎచ్చట గలదో, ఎచ్చట లేదో తెలియవలెనన్న చెట్టుచెట్టు కడ నిలిచి కొలత పట్టవలెను.