ఏతమా, మోటారా? ఎస్ప్రెస్సో కప్పులో 9 బార్ల కథ

పెళ్ళి విందుల్లో ఐస్‌క్రీము కౌంటరు పక్కన ఓ స్టీలు మిషను ఉంటుంది. బుస్సుమని ఆవిరి కొట్టి, పాలు నురగలెత్తించి, పైన చాక్లెట్ పొడి చల్లి ఇస్తారు. ‘ఎక్స్‌ప్రెస్సో కాఫీ’ అంటే మనలో చాలామందికి అదే. నాకూ చాలా ఏళ్ళు అదే. ఆ రుచంటే ఇప్పటికీ ఇష్టమే. అయితే ఆ కప్పులో ఉండేది ఇన్‌స్టంట్ పొడి, పాలు, ఆవిరి. అసలు ఎస్ప్రెస్సోకి ప్రాణం ఒత్తిడి. ఆ మిషన్లో కాఫీ పొడి మీద పడే ఒత్తిడంటూ ఏదీ లేదు.

ఆ ఒత్తిడిని దగ్గర్నుంచి చూసే అవకాశం మొన్న జనవరిలో దొరికింది. విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక మిత్రుడి డాబా మీద కాఫీ పిచ్చి ఉన్నవాళ్ళం పదిమందిమి చేరాం. స్టీల్‌ప్లాంటులో మెషీన్ల మరమ్మతు చూసి రిటైరైన ఒక పెద్దాయన తన స్ప్రింగ్ లీవరు మిషను మోయించుకొచ్చారు. ఇంటాయనది పంపు మిషను. గ్రైండరు ఒకటే. గింజలు పాడేరు వైపు తోటల అరబికా, వేయించి పది రోజులైంది. రెండు మిషన్లకీ 18 గ్రాముల పొడి, 58 మిల్లీమీటర్ల బుట్ట. ఇక తేడా అంటూ వస్తే, నీళ్ళని నెట్టే పద్ధతిలోంచే రావాలి.

ముందు ఆ ఒత్తిడి ఎంతో చూద్దాం. ఇంట్లో ఫిల్టర్లో డికాషన్ దిగేటప్పుడు పొడి మీద నిలిచేది ఐదారు సెంటీమీటర్ల నీరు. ఆ బరువుకే బొట్టూ బొట్టూ దిగుతుంది. ఎస్ప్రెస్సోకి 9 బార్ల ఒత్తిడి కావాలి. అంటే పొడి మీద 90 మీటర్ల ఎత్తున నీళ్ళు నిలబెట్టినట్టు. ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి లోపలికి వెళ్ళి చూసినవాళ్ళు చాలామందే ఉంటారు. సముద్రంలో 90 మీటర్ల లోతున నీరు దాని ఉక్కు ఒంటిని ఎంత నొక్కుతుందో, ఎస్ప్రెస్సో మిషన్లో నీరు కాఫీ పొడిని అంత నొక్కుతుంది. బుట్టలో అదిమిన 58 మిల్లీమీటర్ల పొడి బిళ్ళ మీద మొత్తం లెక్కేస్తే సుమారు 240 కిలోల బరువు! ముగ్గురు మనుషులు ఎక్కి నిలబడ్డట్టే.

ఇంత బలాన్ని తేవడానికి మొదట్లో ఆవిరిని నమ్ముకున్నారు. 1884లో టూరిన్‌లో ఏంజెలో మొరియోండో, 1901లో మిలాన్‌లో లుయిజీ బెజ్జెరా ఆవిరి మిషన్లకి పేటెంట్లు తీసుకున్నారు. కాని మూత బిగించిన బాయిలర్లో వేడి, ఒత్తిడి జంటగానే పెరుగుతాయి. ప్రెషర్ కుక్కరు వాడేవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. ఆవిరితో ఒకటిన్నర బారు రావాలంటే బాయిలరు 127 డిగ్రీలకి ఎక్కాలి. అదే 9 బార్లు కావాలంటే 180 డిగ్రీలు! కాఫీ పొడికి నప్పేదేమో 90 నుంచి 96 డిగ్రీల నీరు. అందుకే ఆవిరి మిషన్ల కాఫీకి మాడు వాసన, చేదు తప్పలేదు.

ఆ ముడి విప్పింది లీవరు. మిలాన్‌కి చెందిన అకిల్లే గాజియా 1947లో స్ప్రింగ్ లీవరుకి పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాదికల్లా ఆ మిషన్లు కాఫీ బార్లలోకి వచ్చాయి. వేడి పని బాయిలరుది, ఒత్తిడి పని స్ప్రింగుది. ఒకదాని కోసం ఇంకొకటి పెరగక్కర్లేదు. ఎస్ప్రెస్సో చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు లేదని నా అభిప్రాయం. కప్పు మీద తేనెరంగు నురగ కట్టడం కూడా అప్పుడే మొదలైంది. వేయించిన గింజలో బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. ఒత్తిడికి అది నీళ్ళలో కలిసిపోతుంది. కప్పులో పడగానే ఒత్తిడి పోయి, గోలీసోడా గోలీ దింపినట్టు బుడగలై పైకి తేలుతుంది.

మన ఊళ్ళలో ఏతంతో నీళ్ళు తోడటం చూసిన వాళ్ళకి లీవరు గురించి వేరే చెప్పక్కర్లేదు. పొడవాటి దూలం, మధ్యలో ఆధారం, మనిషి బలానికి మించిన బరువు. మిషన్లోనూ అదే లెక్క. పెద్దాయన హేండిల్ని రెండు చేతులతో కిందికి దించారు. లోపల పిస్టన్ పైకి లేచింది, స్ప్రింగు నొక్కుకుపోయింది, వేడినీళ్ళు పిస్టన్ కిందికి చేరి పొడిని తడిపాయి. బుట్ట అడుగున నల్లటి చుక్కలు కనబడేదాకా ఆగారు. తర్వాత హేండిల్ని మెల్లగా పైకి రానిచ్చారు. స్ప్రింగు పట్టు అందుకున్నాక ఆయన చెయ్యి తీశారు. హేండిల్ దానంతటదే లేస్తుంటే కాఫీ సన్నటి దారంలా దిగింది.

రెండోసారి నేను పట్టాను. పొడి కాస్త బరకగా పడినట్టుంది, స్ప్రింగుకి అడ్డు దొరకలేదు. హేండిల్ విసురుగా పైకి రాబోయింది. “వదిలీకండి!” అని పెద్దాయన కేకేసి తనూ పట్టుకున్నారు. పట్టు తప్పి ఉంటే గడ్డం పగిలేది. లీవరు మిషను కొనాలనుకునేవాళ్ళు ఈ ఒక్కటీ గుర్తుంచుకోవాలి. చెయ్యి వదిలేముందు స్ప్రింగుకి పొడి ఎదురు నిలిచిందో లేదో చేతికి తెలియాలి.

1961లో ఫేమా కంపెనీ ఇ61 అనే మిషను తెచ్చింది. ఆ ఏడాది వచ్చిన సూర్యగ్రహణాన్ని బట్టి ఆ పేరు పెట్టారు. ఇక్కడ ఏతం పోయి మోటారు వచ్చింది. మీట నొక్కితే చాలు, ఆపేదాకా పంపు 9 బార్లు పట్టి ఉంచుతుంది. ఇళ్ళలో వాడే చిన్న మిషన్లలో ఎక్కువగా ఉండేది కంపించే పంపు. మన కరెంటు లయకి సెకనుకి 50 సార్లు ఓ చిన్న పిస్టన్‌ని అయస్కాంతం లాగి వదులుతుంది. ఆ గుర్రుమనే చప్పుడు దానిదే. డబ్బా మీద ‘15 బార్’ అని రాస్తారే, అది నీరు కదలకుండా ఆపితే ఆ పంపు చేరగల గరిష్ఠం. కాఫీకి కావలసింది 9 మాత్రమే. పెద్ద అంకె చూసి ఎక్కువ డబ్బులు పెట్టకండి.

రెండూ 9 బార్ల దాకా వెళ్ళేవే అయితే రుచిలో తేడా ఎక్కడిది? ఫ్రాన్సులోని దిజోన్ ఊరి నీటి సరఫరా చూసిన ఇంజనీరు హెన్రీ డార్సీ 1856లో ఇసుక పొర గుండా నీరు ఎంత వేగంగా దిగుతుందో సూత్రం రాశాడు. ఒత్తిడి పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, పొర అడ్డు పెరిగితే తగ్గుతుంది. కాఫీ బిళ్ళకీ అదే వర్తిస్తుంది. కాని ఇసుక కరగదు, కాఫీ కరుగుతుంది. 18 గ్రాముల్లో ఐదో వంతు, అంటే మూడున్నర గ్రాముల దాకా కప్పులోకి వెళ్ళిపోతుంది. బిళ్ళ గుల్లబారుతుంది, అడ్డు తగ్గుతుంది. పంపు మాత్రం అదే 9 బార్లతో తోస్తూనే ఉంటుంది. దాంతో చివరి సెకన్లలో ధార లావెక్కి, రంగు పాలిపోయి, పలచటి చేదు దిగుతుంది. మా కళ్ళెదుటే ఇంటాయన మిషన్లో అలా జరిగింది.

స్ప్రింగు తీరు వేరు. ఎంత నొక్కితే అంత బలం, సాగేకొద్దీ బలం తగ్గుతుందని శాస్త్రవేత్త హుక్ చెప్పిన సూత్రమే. ధార సాగేకొద్దీ ఒత్తిడి మిషన్ని బట్టి సగం దాకా దిగుతుంది. పిస్టన్ కింద చిక్కుకున్న నీళ్ళకి కొత్తగా వేడి అందదు కాబట్టి వాటి వేడీ కాస్త తగ్గుతుంది. అడ్డు తగ్గుతున్న బిళ్ళ మీద బలం కూడా తగ్గుతుందన్నమాట. అందుకే ధార చివరిదాకా ఒకే సన్నంగా ఉంది. గాజియా కావాలని చేశాడో, స్ప్రింగు గుణం వల్ల అలా కలిసొచ్చిందో గాని, కాఫీకి మాత్రం మేలే జరిగింది. ఇప్పుడు ఖరీదైన పంపు మిషన్లు ఎలక్ట్రానిక్స్ పెట్టి, చివర్లో ఒత్తిడి తగ్గిస్తూ ఈ లీవరు నడకనే అనుకరిస్తున్నాయి.

నా నాలుకకి లీవరు కప్పు తియ్యగా, తేలికగా అనిపించింది. పంపు కప్పు చిక్కగా, గట్టిగా ఉంది. పాలు పోస్తే మాత్రం పంపు కాఫీయే నిలబడింది. పొద్దున్నే హడావిడిగా నలుగురికి కాఫీ పెట్టాల్సిన ఇంటికి పంపు మిషనే మంచిది. ఒక్క కప్పు కోసం ఓపిక, చేతి ఒడుపు ఉన్నవాళ్ళకి లీవరు. పైగా బాయిలరు లేని చేతి లీవర్లు కొన్ని ఉన్నాయి. గ్యాసు పొయ్యి మీద మరిగిన నీళ్ళు పోస్తే చాలు, కరెంటుతో పనిలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక రోజుల తరబడి చీకట్లో గడిపిన ఊరు మన విశాఖ. ఆ సంగతి తేలిగ్గా తీసెయ్యలేం.

ఇంకొక్క మాట. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే, 2017లో, అరకు కాఫీ పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. పారిస్‌లో ఇంత మర్యాద పొందిన గింజ మనకి నూటపాతిక కిలోమీటర్ల లోపే, సిల్వర్‌ఓక్ నీడలో, మిరియాల తీగల పక్కన పండుతోంది. లీవరు కొన్నా పంపు కొన్నా, ముందు మంచి గ్రైండరు కొనండి. గింజల పొట్లం మీద వేయించిన తేదీ చూడండి. తేదీ వెయ్యని పొట్లం తీసుకోకండి, వెయ్యమని దుకాణంలో అడగండి.