చిల్లరలో దొరికే తప్పుముద్ర నాణేలు

చిల్లరలో అంచు కొంత తెగినట్లున్న రూపాయి కనబడితే చాలామంది దానిని వెంటనే మరొకరికి అంటగట్ట చూస్తారు. కొందరు దానినే అపురూప వస్తువని చెప్పి అధిక ధరకు అమ్ముతారు. ఆ లోపము టంకశాలలో పుట్టినదా, లేక ఎవరో ఆకురాయితో చేసిన పనా అన్నది నాణెమును చూచియే చాలవరకు చెప్పవచ్చును.

టంకశాలలో లోహపు రేకునుండి యంత్రము గుండ్రని బిళ్ళలను కత్తిరిస్తుంది. మరొక యంత్రము వాటి అంచును ఒత్తి కొంచెము పైకి లేపుతుంది. ఆ బిళ్ళను రెండు అచ్చుల మధ్య, ఉక్కు కంకణములో ఉంచి ఒక్క దెబ్బతో ఇరువైపులా ముద్రిస్తారు. రేకు సరిగా ముందుకు జరగకపోతే కోత పాత రంధ్రముమీద కొంత పడి, బిళ్ళలో నెలవంక మేర తగ్గుతుంది. అంచు లేపేటప్పుడు ఆ కోతకు సరిగా ఎదుటనున్న భాగమునకు కూడ ఒత్తిడి చాలదు. అందుచేత తరచుగా అక్కడి అంచు కూడ పలచగా కనబడుతుంది. ఆకురాయి పట్టిన వానికి ఈ సంగతి తట్టదు!

ఇంకొక విచిత్రమున్నది. ముద్రపడిన నాణెము బయటికి పోక పై అచ్చునకు అంటుకొంటే, తరువాతి బిళ్ళకు ఆ నాణెమే అచ్చవుతుంది. అప్పుడు ఒకవైపు మామూలు ముద్ర, రెండవవైపు అదే ముద్ర గుంటలుగా, అద్దములో వలె తిరగబడి ఏర్పడుతుంది. రెండు నాణేలను మరలో బిగించి నొక్కినా ఇటువంటి గుంటలు పడతాయి గాని, ఆ వైపున అసలు ముద్ర ఆనవాళ్ళు మిగిలిపోతాయి.

అచ్చు వదులై తిరిగినదేమో చూచుట అన్నిటికంటె సులభము. మన నాణెమును పుస్తకపు పుటవలె ప్రక్కకు త్రిప్పితే రెండవవైపు బొమ్మ నిటారుగా ఉండాలి; వాలి ఉంటే అచ్చు తిరిగినదన్నమాట.

సంవత్సరము క్రింద నక్షత్రముంటే అది హైదరాబాదు నాణెము. వజ్రాకారము ముంబయిది, చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేకపోవుట లోపము కాదు, కలకత్తా టంకశాల గుర్తు వేయదు. ఇదే అరుదైన తప్పని చెప్పేవారిని నమ్మరాదు. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకొని ప్రజలనుండి రుసుములు గుంజేవారిని గూర్చి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరిక చేసింది.

సందేహము తీరకపోతే త్రాసున్నది. 2011 శ్రేణి రూపాయి నియమిత బరువు 3.79 గ్రాములు. ముద్ర మాత్రమే ప్రక్కకు పడిన నాణెములో ఈ బరువు తగ్గదు. కోతపడిన దానిలో తగ్గుతుంది.