ఏటికొప్పాక లక్కబొమ్మలు

ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడు కర్రను తరిణె పట్టి, రంగు లక్క పూసి తయారు చేసే చెక్కబొమ్మలు. వీటికి పుట్టినిల్లయిన ఏటికొప్పాక గ్రామము వరాహ నది ఒడ్డున, విశాఖపట్నానికి సుమారు 65 కిలోమీటర్ల దూరములో ఉన్నది. ఈ గ్రామము పూర్వము విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత అనకాపల్లి జిల్లాలో చేరినది. అడవి కర్ర, లక్క, మొక్కల రంగులు, కొద్దిపాటి పనిముట్లు మాత్రమే పెట్టుబడిగా సాగే చేతిపని ఇది.

అంకుడు కర్ర

అంకుడు చెట్టును తెడ్లపాల అని కూడా అంటారు. శాస్త్రీయ నామము రైటియా టింక్టోరియా. కొండవాలులలోను, ఆకురాల్చే అడవులలోను పెరుగుతుంది. కొమ్మ విరిస్తే పాలు కారుతాయి. కర్ర తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉంటుంది. ఉలికి సులువుగా లొంగడము, అంచులు పెచ్చులు లేవకపోవడము, లక్కను సమముగా పట్టుకోవడము దీని గుణములు. కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి ఎటువంటిదో, ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు అటువంటిది.

పనిముట్లు

రంపము, బాడిస, వివిధ వెడల్పులు గల ఉలులు, తరిణె ముఖ్యమైన పనిముట్లు. పూర్వము తరిణెను చేతితో తిప్పేవారు. కర్రకు చుట్టిన తాడును ఒకరు ముందుకు వెనుకకు లాగుతుండగా మరొకరు ఉలి పట్టేవారు. కర్ర తమవైపు తిరిగినప్పుడే ఉలి తెగుతుంది కనుక ఇద్దరి చేతులు లయ తప్పకుండా ఆడవలెను. తరువాత విద్యుత్ మోటారు వచ్చి ఒక్కరే పని చేసుకొనే వీలు కలిగినది.

తయారీ విధానము

కోసిన కర్రకు బెరడు తీసి నీడలో ఆరబెడతారు. ఎండలో త్వరగా ఆరితే పగుళ్ళు వస్తాయి. పచ్చిగా ఉండగా చెక్కితే తరువాత ఆకారము వంకరపోతుంది. ఆరిన కర్రను ముక్కలుగా కోసి, తరిణెకు బిగించి, ఉలితో గుండ్రని రూపము తెస్తారు. పిమ్మట రంగు లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమి పెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రపై పలుచని పొరగా అంటుకొంటుంది. చివరకు మొగలి ఆకుతో రుద్దితే నునుపు, మెరుపు వస్తాయి. కుంచెతో గాని, పొయ్యితో గాని ఈ దశలో పని లేదు.

పెద్ద బొమ్మల భాగములను విడివిడిగా చేసి అతుకుతారు. చిన్న ముక్కలు కూడా బొంగరములు, పూసలు, లక్కపిడతలు, గిలకలుగా మారుతాయి.

రంగులు

పసుపు నుండి పచ్చరంగు, నీలిమందు నుండి నీలము, జాఫ్రా గింజల నుండి నారింజ రంగు, కరక్కాయ కషాయమును ఇనుముతో కలిపి నలుపు తీస్తారు. నీలము, పచ్చ కలిస్తే ఆకుపచ్చ అవుతుంది. లక్క నీటిలో కరగదు కనుక కషాయమును నేరుగా కలపడము కుదరదు. రంగును పొడిగా మార్చి కలపవలసి ఉంటుంది.

చౌకగా దొరికే రసాయనిక రంగులు వచ్చిన తరువాత ఈ శ్రమతో కూడిన పద్ధతి వెనుకబడినది. అయితే పసిపిల్లలు బొమ్మను నోటిలో పెట్టుకొంటారు. సీసము వంటి లోహములు కలిసిన రంగు వారికి హాని చేస్తుంది. అందుచేత సహజ వర్ణములను తిరిగి వాడుకలోకి తెచ్చే ప్రయత్నము జరిగినది. ఇందులో ప్రముఖుడైన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది.

కర్ర కొరత

అంకుడు అటవీ సంపద. అడవి నుండి నరికి తెచ్చుటకు అటవీశాఖ అనుమతి కావలెను. చెట్లు తరిగేకొద్దీ కర్ర కోసము దూరము పోవలసి వస్తుంది, ఖర్చు పెరుగుతుంది. అంకుడును మొదలు ఉంచి నరికితే మళ్ళీ చిగురిస్తుంది. కాని ఆ చిగురు బొమ్మకు తగిన లావు కావడానికి సంవత్సరములు పడుతుంది. అంతకుముందే నరికితే సన్నని కర్రే మిగులుతుంది. కాబట్టి గ్రామ పరిసరములలో అంకుడు మొక్కలు నాటి పెంచడము మీదనే ఈ కళ మనుగడ ఎక్కువగా ఆధారపడి ఉన్నది.

గుర్తింపు

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2025 గణతంత్ర దినోత్సవములో ఢిల్లీలో ప్రదర్శించిన ఆంధ్రప్రదేశ్ శకటము ఈ బొమ్మలతోనే రూపొందినది.

జాగ్రత్తలు

లక్క వేడికి మెత్తబడుతుంది. కనుక బొమ్మలను ఎండలోను, పొయ్యి దగ్గరను ఉంచరాదు. పొడి గుడ్డతో తుడిస్తే చాలును.

ఇవి కూడా చూడండి

కొండపల్లి బొమ్మలు
నిర్మల్ బొమ్మలు