మీకు తెలుసా? విదేశీ బయ్యర్ ప్రశ్నలు చెరువు గట్టు దాకా వస్తాయి

కొనే సరుకు వెనక బాలకార్మికులు గానీ, వెట్టిచాకిరీ గానీ, కూలీల ప్రాణాలకు ముప్పు గానీ లేకుండా చూసుకునే బాధ్యతను జర్మనీ తన పెద్ద కంపెనీల మీద పెట్టింది. ఆ చట్టం 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మొదట 3,000 మంది, ఆపై ఉద్యోగులున్న సంస్థలకు, 2024 నుంచి 1,000 మంది ఉన్నవాటికీ వర్తించింది. భీమవరం దగ్గర రొయ్యలు ఒలిపించే షెడ్డుకు అది నేరుగా వర్తించదు. దాని ప్రశ్నాపత్రం మాత్రం అక్కడికీ వస్తుంది. బయ్యర్ ఎగుమతిదారును అడిగితే, ఎగుమతిదారు షెడ్డు యజమానిని అడుగుతాడు.

చిన్నవాళ్లకు అండగా నిలిచే మాటలు కూడా అదే చట్టంలో ఉన్నాయి. తప్పు కనబడగానే ఆర్డర్ ఆపేసి చేతులు దులుపుకోవడం కుదరదు. ముందు సరఫరాదారుతో కూర్చుని, గడువు పెట్టుకుని సరిదిద్దాలి. ఉల్లంఘన మరీ ఘోరమైనదై, దిద్దుబాటు ఫలించక, ఇంకో దారి లేనప్పుడే బేరం తెంచుకోవాలి. దీని అమలు చూసే బాఫా అనే ప్రభుత్వ సంస్థ 2023లో ఇంకొంత వివరంగా చెప్పింది. తమ బాధ్యతనంతా కాంట్రాక్టులో రాసి సరఫరాదారు నెత్తిన పెట్టడానికి పెద్ద కంపెనీలకు వీల్లేదంది. ఇది మన ఎగుమతిదారుల సంఘాలు తెలుగులో అచ్చువేసి పంచాల్సిన సంగతి. ‘కింది నుంచి పైదాకా ఎక్కడా ఏ ఉల్లంఘనా లేదు’ అని హామీపత్రం రాసిమ్మంటే కళ్లు మూసుకుని సంతకం పెట్టొద్దు. మీ షెడ్డు గురించి తెలిసింది రాయండి. మీ చేతిలో లేనిది లేదని చెప్పండి. ఆడిట్ ఖర్చు ఎవరు భరిస్తారో ముందే అడగండి.

సర్టిఫికెట్ ఉంటే చాలనుకునేవారికి కరాచీ సంగతి తెలియాలి. అక్కడి అలీ ఎంటర్‌ప్రైజెస్ దుస్తుల ఫ్యాక్టరీ 2012 సెప్టెంబర్ 11న తగలబడింది. కిటికీలకు ఊచలు, బయటికి పోయే దారులకు తాళాలు. 250 మందికి పైగా చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి ఎస్‌ఏ 8000 అనే పేరున్న సర్టిఫికెట్ వచ్చింది. మరుసటి ఏప్రిల్‌లో ఢాకా దగ్గర రానా ప్లాజా కూలి 1,134 మంది పోయారు. ఇలాంటి చావులే ఆ జర్మన్ చట్టం లాంటివాటిని తెచ్చాయి. కాబట్టి ‘పనివేళల్లో వెనక తలుపు తీసి ఉంటుందా?’ అనే ప్రశ్న దగ్గర టిక్కు పెట్టేముందు లేచి వెళ్లి ఆ తలుపు తోసి చూడండి.

మరి యజమాని దగ్గర ఉంచుకునే కూలీల ఆధార్ కార్డుల సంగతి? బలవంతపు చాకిరీకి అంతర్జాతీయ కార్మిక సంస్థ 11 గుర్తులు చెప్పింది. కూలీల గుర్తింపు కాగితాలు దగ్గర పెట్టుకోవడం వాటిలో ఒకటి. ‘పోగొట్టుకుంటావమ్మా, బీరువాలో ఉంచుతా’ అని ప్రేమగా తీసుకున్నా ఆడిటర్ దాన్ని అలాగే రాసుకుంటాడు, రాసుకోవాలి కూడా. ఊరుగాని ఊరు వచ్చిన పిల్ల తన కార్డు కోసం ఇంకొకరిని బతిమాలుకునే స్థితి ఉండకూడదు. జిరాక్స్ ఉంచుకుని అసలుది ఆరోజే ఇచ్చేయండి. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్స్ తీరేదాకా కూలీని కదలనివ్వకపోవడం ఇంకా పెద్ద నేరం. దాన్ని మన దేశం 1976లోనే నిషేధించింది. అదనపు గంటలకు రెట్టింపు కూలి 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి మాట. పదిమంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు కమిటీ ఉండాలన్నది 2013 చట్టం. బయ్యర్ ఫారంలో కొత్తగా కనిపించే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు మన చట్టాల్లో ఎప్పటినుంచో ఉంది.

మస్టర్లు రెండు రాయడం, ఒకటి ఆడిటర్‌కు, ఒకటి నిజానికి, అన్నిటికన్నా ప్రమాదం. ఆడిటర్లు మస్టర్ ఒక్కటే చూడరు. కరెంటు బిల్లు, ఆరోజు తయారైన సరుకు, లారీ గేటు దాటిన వేళ పక్కన పెట్టి చూస్తారు. కూలీలతో యజమాని లేకుండా మాట్లాడతారు. సీజన్లో పన్నెండు గంటలు పనిచేయించి ఎనిమిదని రాసి దొరికితే, మిగతా నిజాలనూ ఎవరూ నమ్మరు. పన్నెండూ రాసి, రెట్టింపు కూలి ఇచ్చిన లెక్క చూపి, వచ్చే సీజన్‌కు రెండో బ్యాచ్ పెట్టే ప్రణాళిక ముందు పెడితే మాటకు తావుంటుంది.

రొయ్యకు ఇంకో చిక్కుంది. యాంటీబయాటిక్స్ భయంతో ఐరోపా 2016లో మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షకు తీసే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. ఒక పెట్టెలో మందు అవశేషం దొరికితే అది ఏ చెరువుదో తెలియాలి. ఏజెంట్ నాలుగు చెరువుల పట్టుబడిని కౌంట్ ఒకటేనని కలిపి, ఐస్ వేసి లారీ ఎక్కించేచోటే ఆ ఆచూకీ తెగిపోతుంది. పెట్టె పెట్టెకూ చెరువు నంబరు, పట్టుబడి తేదీ రాసిన చీటీ వేస్తే సరిపోతుంది. ఆక్వాకల్చర్ అథారిటీ నమోదు, సీడ్ బిల్లు, మేత బిల్లు, వాడిన మందుల లెక్క, పట్టుబడి ముందు చేయించిన పరీక్ష రిపోర్టు ఒకే ఫైలులో ఉంచాలి. అవి ఆరోజుకారోజు చేర్చినవై ఉండాలి. ఆడిట్ ముందురోజు రాత్రి ఒకే పెన్నుతో రాసిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది.

అరకు, పాడేరు కాఫీ రైతులకు మరో నిబంధన రాబోతోంది. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టేసిన నేలలో పండిన కాఫీ ఐరోపాలోకి రాకూడదన్న చట్టం అది. అమలు రెండుసార్లు వాయిదా పడినా రద్దు కాలేదు. దాని ప్రకారం తోట ఎక్కడుందో అక్షాంశ, రేఖాంశాలు ఆరు దశాంశ స్థానాల వరకు ఇవ్వాలి. ఆరో అంకె విలువ నేల మీద దాదాపు 11 సెంటీమీటర్లు. నాలుగు హెక్టార్లు దాటిన తోటకైతే హద్దులన్నీ గీయాలి, అంతకన్నా చిన్నదానికి ఒక్క పాయింటు చాలు. గిరిజన రైతుల కమతాలు ఎక్కువగా చిన్నవే కాబట్టి ఇది పెద్ద ఊరట. నేల మీద హక్కు కూడా అడుగుతారు గనుక అటవీ హక్కుల పట్టా భద్రంగా ఉండాలి. అక్కడి ప్రభుత్వాలకు జవాబు చెప్పాల్సింది ఐరోపాలో సరుకు దింపే కంపెనీయే తప్ప రైతు కాదు. ఫోన్ పట్టుకుని తోటకు వచ్చి పాయింటు తీసుకెళ్లినవాళ్లు దాని కాపీ రైతుకు తప్పక ఇవ్వాలి. ఆ వివరం వ్యాపారి ఫోనులోనే ఉండిపోతే, మంచి ధర ఇచ్చే ఇంకొకరికి అమ్ముకోవడం ఆ రైతుకు కష్టమవుతుంది.