గర్భిణులకు చక్కెర... పస్తులు పరిష్కారం కాదు

కడియం: గర్భిణి ఇద్దరి తిండి తినాలన్న మాట డెల్టా పల్లెల్లో నేటికీ వినిపిస్తుంది. మధుమేహం ఉందని తెలియగానే అన్నం పూర్తిగా మానేసేవారూ ఉన్నారు. ఈ రెండూ తల్లీబిడ్డలకు చేటే.

గర్భధారణలో మాయ నుంచి వెలువడే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. అందుకే మునుపు మధుమేహం లేనివారిలోనూ చక్కెర పెరగవచ్చు. లక్షణాలేవీ కనిపించకపోయినా గర్భస్థ శిశువు అతిగా బరువు పెరిగి కాన్పు కష్టమయ్యే ప్రమాదముంది.

నిర్ధారణకు 75 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి తాగించి, 2 గంటల తర్వాత రక్తం పరీక్షిస్తారు. 140 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉంటే మధుమేహమే. తొలి పరీక్షలో లేదని తేలినా 24-28 వారాల మధ్య మళ్లీ చేయించుకోవాలి.

నర్సరీ పనులకు వెళ్లే గర్భిణులు మధ్యాహ్నం వరకు ఖాళీ కడుపుతో ఉండి, ఆపై ఒకేసారి కడుపునిండా తినరాదు. అన్నం తగ్గించి పప్పు, ఆకుకూరలు, గుడ్డు, చేపలు పెంచాలి. మూడు పూటల భోజనం నడుమ కొద్దిపాటి అల్పాహారం తీసుకోవాలి. పండ్లరసం కన్నా జామకాయ మేలు.

2 వారాలు ఆహార నియమం పాటించినా, భోజనమైన 2 గంటలకు చక్కెర 120 లోపునకు రాకుంటే వైద్యులు మందులు లేదా ఇన్సులిన్ సూచిస్తారు. ఇన్సులిన్‌తో బిడ్డకు హాని అన్నది అపోహ. కాన్పయిన 6 వారాలకు మరోమారు పరీక్ష తప్పనిసరి.